తాత్కాలికానికీ ఒక చిరునామా

డేటాబేస్ గురించి ఎవరితో మాట్లాడినా మొదటి ప్రశ్న భద్రత మీదే వస్తుంది. డేటా ఎక్కడ దాచారు? బ్యాకప్ రోజూ తీస్తున్నారా? తీసింది తిరిగి తెరుచుకుంటుందో లేదో ఎప్పుడైనా చూశారా? మంచి ప్రశ్నలే, ముఖ్యంగా మూడోది. పని మధ్యలో ఆ డేటాబేస్ తన సరంజామా ఎక్కడ పరుచుకుంటుందన్నది మాత్రం ఎవరికీ తోచదు. ఆ సరంజామా సెకన్లలో వచ్చి సెకన్లలో పోతుంది. దానికి బ్యాకప్ ఉండదు, దాన్ని కళ్ళతో చూసినవాళ్ళూ అరుదు. తాత్కాలికమే కదా, ఎక్కడో ఒకచోట పడి ఉంటుందిలే అనుకుంటాం. ఆ ఎక్కడో ఒకచోట నిండిపోయి, నిక్షేపంలా నడుస్తున్న సైట్లు పట్టపగలు ఆగిపోవడం ఈ వృత్తిలో ఉన్నవాళ్ళందరికీ తెలిసిన సంగతే. తెలిసీ మళ్ళీ దాన్ని అలాగే వదిలేస్తాం. నాకు ఆశ్చర్యం ఆ రెండో సంగతి మీద.

అసలు డేటాబేస్‌కి తాత్కాలిక ఫైళ్ళతో పనేమిటి? మీరు ఒక సైటులో 'కొత్తవి ముందు' అని నొక్కారనుకోండి. సరైన ఇండెక్స్ ఉంటే ఆ వరుస ముందే సిద్ధంగా ఉంటుంది. లేకపోతే దొరికినవన్నీ అప్పటికప్పుడు తెచ్చి వరుస పెట్టాలి. అందుకు మెమరీలో కొంత జాగా తీసుకుంటుంది. ఆ జాగా మనం ఊహించుకునేంత విశాలమైనదేమీ కాదు. సార్టింగ్ కోసం మైఎస్‌క్యూఎల్ మామూలుగా ఇచ్చేది 256 కిలోబైట్లు. పోస్ట్‌గ్రెస్ కాస్త ధారాళం, 4 మెగాబైట్లు. గిగాబైట్ల కొద్దీ ర్యామ్ పెట్టుకుని ఇంత పిసినారితనమా అనిపిస్తుంది గానీ, వందలమంది ఒక్కసారే అడిగినప్పుడు ఒక్కొక్కరికీ విడివిడిగా ఇవ్వాలి కనక ఆ లెక్క సబబే. జాగా చాలనప్పుడు అది చేసేది ఇదీ: పట్టినంత వరకు వరుస పెట్టి డిస్కు మీద ఒక ముక్కగా రాసేస్తుంది, తరవాతి విడత తెచ్చుకుని మరో ముక్క రాస్తుంది, చివరికి అన్ని ముక్కల తలలూ పోల్చి చూసుకుంటూ ఒకే వరుసగా కలుపుతుంది. ఆ ముక్కలే తాత్కాలిక ఫైళ్ళు. వరుస మీ చేతికి అందగానే వాటి పని అయిపోతుంది.

ఈ ముక్కలు చేసి కలిపే పద్ధతి కంప్యూటరంత పాతది. 1945లో జాన్ వాన్ నాయ్‌మన్, ఇంకా కట్టని ఎడ్వాక్ యంత్రం కోసం చేత్తో రాసిన ప్రోగ్రామ్ ఇలాంటి సార్టింగే. పాతికేళ్ళ తరవాత డొనాల్డ్ కనూత్ ఆ రాతప్రతి మీద ఏకంగా ఒక వ్యాసం రాశాడు. 1973లో వచ్చిన తన పుస్తకం మూడో సంపుటంలో ఆయనే టేపుల మీద సార్టింగ్‌కి పేజీలకు పేజీలు కేటాయించాడు. అప్పట్లో మెమరీ గోరంత, డేటా బీరువాల నిండా టేపులు. పక్కన ఎన్ని ఖాళీ టేపులు ఉంచుకోవాలో, ఏది ఎప్పుడు ఏ డ్రైవులో ఎక్కించాలో పని మొదలుపెట్టక ముందే తేల్చుకోవాలి. ఖాళీ టేపు లేదంటే పనే లేదు. టేపులు పోయి డిస్కులొచ్చాయి, అవి పెరిగి పెద్దవయ్యాయి, దాంతో ఆ లెక్క వేసే అలవాటు మనకు పోయింది. సార్టింగ్ మాత్రం ఇప్పటికీ అదే పద్ధతిలో, అదే ఖాళీని అడుగుతూనే ఉంది.

మా వైపు పెళ్ళి వంటలకి ఇంటి పొయ్యి చాలదని పెరట్లో గాడిపొయ్యి తవ్వేవారు. పెళ్ళి ముచ్చట తీరగానే పూడ్చేసేదే. అయినా ఎక్కడ తవ్వాలో ఇంటి పెద్ద దగ్గర నిలబడి చూపించేవాడు: గడ్డివాముకి దూరంగా, నీళ్ళకి దగ్గరగా, సెగ పందిరి మీదికి పోకుండా. నాలుగు పూటల పొయ్యే కదా అని ఎక్కడ పడితే అక్కడ తవ్వనిచ్చిన పెద్దను నేను చూడలేదు. డేటాబేస్ విషయంలో ఆ పెద్దరికం అడ్మిన్‌ది. మైఎస్‌క్యూఎల్‌లో ఆ చోటు చూపించే అమరిక పేరు టెంప్‌డిర్. దాని అమరికలుండే మై డాట్ సీఎన్ఎఫ్ ఫైల్లో ఒక్క వరుస. మనం ఆ వరుస రాయలేదంటే, లినక్స్ యంత్రం మీద దాని దారి స్లాష్ టెంప్‌కే.

స్లాష్ టెంప్ డైరెక్టరీ అందరిదీ. వెబ్ సర్వర్ మీద అందరూ అంటే ఎవరెవరో కాస్త చూడండి. జనం అప్‌లోడ్ చేసే ఫొటోలను పీహెచ్‌పీ ముందు అక్కడే దించుకుంటుంది. కొన్ని అమరికల్లో లాగిన్ అయినవాళ్ళ సెషన్ ఫైళ్ళూ అక్కడే ఉంటాయి. ప్రోగ్రాములు డేటాబేస్‌తో మాట్లాడుకునే సాకెట్ ఫైలు కూడా కొన్నిచోట్ల అక్కడే. ఎవరో 'కాసేపే' అని దించి మరిచిపోయిన జిప్ ఫైళ్ళ సంగతి చెప్పనే అక్కర్లేదు. ఎవరైనా రాయవచ్చు, ఎవరిది వాళ్ళే తీసేయాలి అన్నది అక్కడి నియమం. ఈ రెండో సగం మొదటినుంచీ లేదు. డైరెక్టరీ అనుమతుల చివర కనిపించే చిన్న 'టి' అక్షరానికి ఆ అర్థం వచ్చింది 1986 నాటి 4.3 బీఎస్‌డీ యూనిక్స్‌తో. అంతకుముందు ఒకరి ఫైలు ఇంకొకరు తుడిచేసినా అడిగే దిక్కు లేదు. సాకెట్ ఫైలును ఎవరో తుడిచేస్తే ఏం చేయాలన్న దాని మీద మైఎస్‌క్యూఎల్ మాన్యువల్లో ఇవాళ్టికీ ఒక ప్రత్యేక భాగం ఉంది. అంటే ఎంతమంది ఏడ్చి ఉంటారో చూసుకోండి.

తుడిచేసేది మనుషులే కానక్కర్లేదు. లినక్స్‌లో సేవలను నడిపే సిస్టమ్‌డీ మామూలు అమరిక ప్రకారం స్లాష్ టెంప్‌లో 10 రోజులు కదలకుండా పడున్నవాటిని, స్లాష్ వార్ కింద ఉన్న రెండో టెంప్‌లో 30 రోజులు పడున్నవాటిని ఊడ్చేసే పని ఒకటి నడుస్తుంటుంది. న్యాయమే. అందులో బ్యాకప్‌లు దాచుకునే మహానుభావులుంటారు, వాళ్ళకది అన్యాయంగా కనిపిస్తుంది.

ఈ ఉమ్మడి చోటులో ఒక్కసారిగా ఎక్కువ జాగా తినేది డేటాబేస్. మిగతావాళ్ళందరూ కిలోబైట్లలో, మెగాబైట్లలో వ్యవహరిస్తుంటే ఇది గిగాబైట్లు పరుస్తుంది. అది నింపేసిందంటే ఫొటో ఎక్కదు, లాగిన్ పడదు. స్లాష్ టెంప్ కనక ప్రధాన పార్టిషన్‌లోనే ఉంటే లాగ్ ఫైళ్ళు రాయడానికి కూడా చోటుండదు, అంటే ఏం జరిగిందో చెప్పే నోరు కూడా మూతపడుతుంది. డేటాబేస్‌కి వెళ్ళే ఒక్క ప్రశ్న (క్వెరీ), ఒక్క పాఠకుడు అడిగినది, ఇంతమందిని ఆపగలదు.

నేను ఊరికే చూసిపెడుతుండే తెలుగు వెబ్ పత్రిక ఒకటుంది. సంపాదకులు పెద్దవారు, ఉగాదికి ప్రత్యేక సంచిక తేవడం ఆయనకు వ్రతం. ఒక ఉగాది పూట పాఠకులు బాగా వచ్చారు, సైటు పడుకుంది. ఫోన్ చేశారు.

"ఏమ్మా, మన సైటు తెరిస్తే ఏదో ఇంగ్లీషులో తిడుతోంది. డిస్కు నిండిందట. మనవాళ్ళ కథలన్నీ పోయినట్టేనా?"

"పోలేదు మాస్టారూ. కథలు పదిలంగానే ఉన్నాయి. వాటిని వరుస పెట్టే చోటు నిండింది."

"ఉన్నవాటిని వరుస పెట్టడానికి వేరే చోటెందుకమ్మా?"

ఇంత మంచి ప్రశ్న నన్ను ఏ ఇంటర్వ్యూలోనూ అడగలేదు. ఆ పూట జవాబు చెప్పే తీరిక లేదు గానీ, తరవాత ఆ ప్రశ్న పట్టుకునే అసలు కారణం దాకా వెళ్ళాను.

లాగ్‌లో ఉన్నది తాత్కాలిక ఫైలు రాయలేకపోయాను, ఎర్రర్ 28 అని. 28 అంటే డిస్కులో చోటు లేదు. నేను లోపలికెళ్ళి, డిస్కులో ఎంత ఖాళీ ఉందో చెప్పే డీఎఫ్ ఆదేశం కొట్టి చూస్తే స్లాష్ టెంప్ సగానికి పైగా ఖాళీ. కొత్తవాళ్ళు ఇక్కడే తికమకపడతారు. నిండిన మాటా నిజమే, ఖాళీగా ఉన్న మాటా నిజమే. చోటు చాలక ప్రశ్న విఫలమైన మరుక్షణం డేటాబేస్ తాను పరిచినదంతా ఎత్తేస్తుంది. మనం వెళ్ళేసరికి నేల శుభ్రంగా ఉంటుంది, పాఠకుడి ముందు మాత్రం ఆ ఇంగ్లీషు తిట్టు మిగిలి ఉంటుంది.

ఇంకో రకం తికమక దీనికి తలకిందులు. డీఎఫ్ నూటికి నూరు నిండిందంటుంది, డైరెక్టరీ తెరిస్తే ఒక్క పెద్ద ఫైలూ కనపడదు. ఇదీ డేటాబేస్ పనే, కావాలనే చేస్తుంది. సార్టింగ్ ఫైలును తెరిచిన వెంటనే మైఎస్‌క్యూఎల్ దాని పేరును డైరెక్టరీలోంచి తీసేస్తుంది. యూనిక్స్‌లో పేరు పోయినా, తెరిచి పట్టుకున్నవాళ్ళు వదిలేదాకా ఫైలు బతికే ఉంటుంది. సర్వర్ మధ్యలో చచ్చిపోయినా చెత్త మిగలకుండా ఉండటానికి ఈ ఏర్పాటు. చాలా తెలివైనది కూడా. దానికి మూల్యం మనం చెల్లిస్తాం: ఉన్నదేదో కనపడదు, కనపడనిది డిస్కు నింపుతుంది. ఎల్ఎస్ఓఎఫ్ అనే ఆదేశంతో, పేరు లేకుండా ఎవరి చేతిలోనో తెరిచి ఉన్న ఫైళ్ళను అడిగితే బయటపడతాయి. ఈ ఒక్క సంగతి తెలియక సర్వర్లను మళ్ళీ మొదటినుంచి కట్టుకున్నవాళ్ళు ఉన్నారు.

మా పత్రిక సంగతికొస్తే, అప్పట్లో అక్కడున్నది పాత 5.6 మైఎస్‌క్యూఎల్. సైటు ప్రోగ్రామ్ ఎవరో సాహిత్యాభిమాని రాసిపెట్టినది. మొదటి పేజీలో ఓ ఇరవై రచనల పేర్లు చూపించడానికి, అది పత్రిక పుట్టినప్పటినుంచి వచ్చిన రచనలన్నిటినీ పూర్తి పాఠాలతో సహా తెచ్చి, రచయితలతో, శీర్షికలతో కలిపి, మళ్ళీ మళ్ళీ వచ్చినవి ఏరేసి, తేదీ ప్రకారం పేర్చి, పైనుంచి ఇరవై తీసుకుని తక్కినవి పారేసేది. ఏరివేతకు ఒక తాత్కాలిక టేబుల్ కావాలి. ఆ టేబుల్లో పొడుగాటి పాఠం ఉన్న కాలమ్ ఒక్కటున్నా సరే, ఆ రోజుల మైఎస్‌క్యూఎల్ మెమరీ జోలికే పోకుండా తిన్నగా డిస్కుకి వెళ్ళేది. ఎంత ర్యామ్ ఇచ్చినా అంతే. పైగా మన భాష. యూటీఎఫ్-8లో ఇంగ్లీషు అక్షరానికి ఒక బైటు సరిపోతుంది, తెలుగులో అచ్చుకీ హల్లుకీ గుణింతపు గుర్తుకీ పొల్లుకీ దేనికదే మూడు బైట్లు. 'అమ్మ' అని రాస్తే 12 బైట్లు. ఓ మోస్తరు పెద్ద కథ వంద కిలోబైట్ల దగ్గరికి వస్తుంది. అలాంటివి వేలల్లో. పేజీ తెరిచిన ప్రతి పాఠకుడి కోసం ఆ మొత్తం కట్టకి వేరే నకలు. పండగ పూట పాఠకులు వరసగా వచ్చారు, ఒకరి నకలు ఎత్తేలోపు మరొకరిది పరుచుకుంది.

అక్కడి స్లాష్ టెంప్ కూడా చిన్నది. సర్వర్ అద్దెకిచ్చేవాళ్ళు దాన్ని చిన్న వేరే పార్టిషన్‌గా కట్టి, అందులోంచి ఏ ప్రోగ్రామూ నడవకుండా తాళం వేసి ఇస్తుంటారు. దొంగదారిన వచ్చినవాళ్ళు ముందు రాయగలిగే చోటు అదే కనక ఆ తాళం మంచిదే. కాకపోతే కడుతున్నప్పుడు వాళ్ళ మనసులో డేటాబేస్ లేదు. డేటాబేస్ పెట్టేటప్పుడు మా మనసులో ఆ పార్టిషన్ లేదు.

ఇలాంటప్పుడు చాలామంది మొదట చేసేది టెంప్‌డిర్‌ని పెద్ద డిస్కుకి మార్చేయడం. అది రెండో పని అని నా గట్టి అభిప్రాయం. మొదటిది ఆ ప్రశ్నను సరిచేయడం. ముందు రచనల నంబర్లు, తేదీలు మాత్రమే తెచ్చుకుని పేర్చి, ఇరవై తేలాక ఆ ఇరవైకే పాఠం తెమ్మంటే తాత్కాలిక టేబుల్ చిన్నదైపోతుంది, మెమరీలోనే ముగుస్తుంది. తేదీ మీద ఇండెక్స్ ఉంటే పేర్చే పనే తప్పుతుంది. సంపాదకుల ప్రశ్నకి అసలు జవాబు ఇదే: నిజానికి అంత చోటు అక్కర్లేదు మాస్టారూ. ఎన్ని తాత్కాలిక టేబుళ్ళు డిస్కు దాకా వెళ్ళాయో మైఎస్‌క్యూఎల్ లెక్క పెట్టి ఉంచుతుంది, అడిగితే చెబుతుంది. పోస్ట్‌గ్రెస్‌లో ఒక అమరిక మారిస్తే ప్రతి తాత్కాలిక ఫైలునీ దాని సైజుతో సహా లాగ్‌లో రాస్తుంది. మామూలుగా ఆ అమరిక మూసి ఉంటుంది. తెరవండి.

అయినా కొంత మిగులుతుంది. నెలాఖరు లెక్కలు, పెద్ద టేబుల్‌కి కొత్త ఇండెక్స్ కట్టడం లాంటివాటికి చోటు కావాలి. ఎక్కడ ఇవ్వాలన్నది అప్పుడు ఆలోచించాలి.

ర్యామ్‌లోనే ఇస్తే? టెంప్‌ఎఫ్ఎస్ అని, డిస్కులా కనిపిస్తూ మెమరీలో ఉండే ఏర్పాటు ఉంది. 2013లో ఫెడోరా 18, 2025లో డెబియన్ 13 స్లాష్ టెంప్‌ని మామూలుగా దాని మీదికే మార్చాయి. మనం వేరే చెప్పకపోతే ర్యామ్‌లో సగం దాకా పెరగనిస్తుంది. వేగం అమోఘం. ర్యామ్ దండిగా ఉన్న యంత్రం మీద నేనేమీ అనను. చిన్న సర్వర్ మీద మాత్రం ఇందులో ఒక వింత ఉంది. మెమరీ చాలదనే కదా డేటాబేస్ డిస్కు దారి పట్టింది? దాన్ని తిప్పి మళ్ళీ మెమరీలోకే పంపుతున్నాం, అదీ ఇంకెవరికో ఉన్న మెమరీలోకి. కరువు తీరదు, చోటు మారుతుంది. చివరికి కెర్నెల్ విసుగెత్తి ఎవరో ఒకరిని చంపుతుంది, ఎక్కువ మెమరీ పట్టుకుని కూర్చున్న డేటాబేస్సే సాధారణంగా ఆ ఒకరు. డిస్ట్రిబ్యూషన్ మార్చుకున్నాక స్లాష్ టెంప్ ఇప్పుడు దేని మీద ఉందో చూసుకోకుండా పాత మై డాట్ సీఎన్ఎఫ్ అలాగే తెచ్చి పెట్టడం ఇందుకే ప్రమాదం.

అసలు సర్వర్‌కి నకలుగా నడిచే రెప్లికా సర్వర్ విషయంలో ఇంకో మెలిక ఉంది. ఫైల్లోంచి డేటా ఎక్కించే ఆదేశాన్ని రెప్లికా మీద తిరిగి జరిపించడానికి కొన్ని తాత్కాలిక ఫైళ్ళు కావాలి, అవి యంత్రం రీబూట్ అయినా మిగలాలి. వాటి చోటు ర్యామ్‌లోనో, రీబూట్‌తో ఊడ్చుకుపోయే డైరెక్టరీలోనో ఉంటే రెప్లికేషన్ ఆగిపోతుంది. అందుకే వాటికి విడిగా ఒక అమరిక ఉంది. తాత్కాలిక ఫైళ్ళలోనూ ఆయుష్షు తేడాలున్నాయి. అన్నిటినీ ఒక గాటన కట్టకూడదు.

టెంప్‌డిర్ వరుసలో కోలన్ పెట్టి రెండు మూడు దారులు రాస్తే మైఎస్‌క్యూఎల్ వాటిని వంతులవారీగా వాడుకుంటుంది. అవి నిజంగా వేరే వేరే డిస్కులైతే ఉపయోగం. ఒకే డిస్కు మీది రెండు పార్టిషన్లు రాసుకుని సంతోషించేవాళ్ళను చూశాను, పోనీలెండి, నష్టమైతే లేదు.

అన్నిటికంటే ఎక్కువమందిని బోల్తా కొట్టించేది వేరే ఉంది. టెంప్‌డిర్ మార్చినంత మాత్రాన తాత్కాలికమంతా ఆ వెంట రాదు. 5.7 నుంచి డిస్కుకి వెళ్ళే తాత్కాలిక టేబుళ్ళను, మైఎస్‌క్యూఎల్‌లో టేబుళ్ళు దాచే ఇంజన్ ఇన్నోడీబీ తన సొంత ఫైల్లో, ఐబీటెంప్1లో, పెట్టుకోవడం మొదలుపెట్టింది. ఆ ఫైలు ఉండేది అసలు డేటా ఉండే డైరెక్టరీలో. 12 మెగాబైట్లతో మొదలై అవసరం కొద్దీ ఉబ్బుతుంది. ఉబ్బడమే గానీ తగ్గడం తెలియదు, సర్వర్ రీస్టార్ట్ చేస్తేనే మళ్ళీ చిన్నదవుతుంది. ఒక్క పిచ్చి ప్రశ్న ఒక్కసారి నడిచిపోయి, దాని పొట్ట మాత్రం నెలల తరబడి అలాగే మిగిలిపోయిన సర్వర్లున్నాయి. ఎంత వరకు పెరగవచ్చో గరిష్ఠ పరిమితి రాయవచ్చు, రాసేవాళ్ళు తక్కువ. 8.0.13లో దీన్ని దిద్దారు: ఒక్కో కనెక్షన్‌కి విడిగా తాత్కాలిక టేబుల్‌స్పేస్ ఇచ్చి, కనెక్షన్ ముగియగానే దాన్ని కుదించి వెనక్కి తీసుకుంటుంది. పెద్ద టేబుళ్ళను మార్చేటప్పుడు పుట్టే సార్టింగ్ ఫైళ్ళకు ఇంకో పేరుతో ఇంకో అమరిక. అంచేత 'టెంప్ మార్చాం' అని ఎవరైనా చెబితే, ఏ టెంప్ అని అడగాలి.

పోస్ట్‌గ్రెస్ ఆచారం పూర్తిగా వేరు. అది స్లాష్ టెంప్‌లో సార్టింగ్ ముక్కలు పెట్టదు, తన డేటా డైరెక్టరీలోనే ఒక మూల పెట్టుకుంటుంది. మడి కట్టుకున్నట్టు ఎవరినీ ముట్టుకోదు, ఎవరినీ ముట్టుకోనివ్వదు. బాగుంది. కానీ ఆ మూల నిండితే నిండేది డేటా డిస్కే. లావాదేవీల లాగ్ కూడా అదే డిస్కు మీద ఉంటే, దానికి చోటు లేనినాడు సర్వర్ మొత్తం నిలిచిపోతుంది. అందుకని విడి టేబుల్‌స్పేస్ చూపించే వీలు ఉంది. అలాగని దాన్ని ర్యామ్ డిస్కు మీద పెట్టకండి, మొత్తం డేటాబేస్ నమ్మకమే దెబ్బతింటుందని దాని మాన్యువల్ స్వయంగా హెచ్చరిస్తోంది. ఒక్కో ప్రాసెస్ ఎంత తాత్కాలిక చోటు వాడవచ్చో హద్దు గీసే అమరిక 9.2 నుంచి ఉంది. మామూలుగా దాని విలువ మైనస్ ఒకటి, అంటే హద్దు లేదు. ఎంత ఉదారులో.

ఒరాకిల్ ఈ విషయంలో పాతకాలపు జమీందారు దివాణం. తాత్కాలికానికి టెంప్ పేరుతో ప్రత్యేక టేబుల్‌స్పేస్ మొదటినుంచీ కట్టి ఉంటుంది, అది నిండితే 01652 నంబరు ఎర్రర్ వస్తుంది. అమీర్‌పేటలో ఒరాకిల్ డీబీఏ కోర్సు చదివినవాళ్ళని అర్ధరాత్రి లేపి అడిగినా ఆ నంబరు చెబుతారు. ఎస్‌క్యూఎల్ సర్వర్ దీనికోసం టెంప్‌డీబీ అని ఏకంగా ఒక డేటాబేస్సే నడుపుతుంది, సర్వర్ లేచిన ప్రతిసారీ దాన్ని కొత్తగా కట్టుకుంటుంది. డబ్బిచ్చి కొనుక్కునే డేటాబేస్‌లలో తాత్కాలికానికి పేరూ ఊరూ ఉన్నాయి, దానికి బాధ్యుడు ఉన్నాడు. ఉచితంగా వచ్చేవాటిలో ఆ పని మన విజ్ఞతకు వదిలేశారు. నాకు ఉచితమైనవే ఇష్టం, అయినా ఈ మాట ఒప్పుకోవాలి.

బాధ్యుడు ఎవరో తెలియకపోతే ఏమవుతుందో చెప్పే కథ ఒకటి ఎస్‌క్యూలైట్ అనే చిన్న డేటాబేస్ సోర్స్ కోడ్‌లోనే రాసి ఉంది, 2006 తేదీతో. ఎస్‌క్యూలైట్ తన తాత్కాలిక ఫైళ్ళకు తన పేరే ముందు తగిలించేది. మెకాఫీ వాళ్ళు తమ యాంటీవైరస్‌లో దాన్ని వాడుకున్నారు. విండోస్ వాడేవాళ్ళు సీ డ్రైవు టెంప్‌లో ఈ పేరుతో ఫైళ్ళు చూసి, గూగుల్లో వెతికి, ఎస్‌క్యూలైట్ తయారుచేసినవాళ్ళ ఫోన్ నంబర్లు పట్టి, రాత్రిపూట నిద్రలేపి మరీ తిట్టేవారట. దాంతో వాళ్ళు ఆ పేరును వెనక నుంచి ముందుకి తిప్పి రాశారు. అప్పటినుంచి ఆ ఫైళ్ళు 'ఎటిల్‌క్స్' అని మొదలవుతాయి. ఆ పేరు వెతికినవాళ్ళకి ఫోన్ నంబరు అంత తేలిగ్గా దొరకదు. నవ్వొచ్చే కథే గానీ, ప్రోగ్రామర్లు వేసిన ఎత్తు నాకు పూర్తిగా నచ్చదు. పేరు దాచడం వల్ల ఫోన్లు తగ్గి ఉంటాయి, ఫైళ్ళు తగ్గలేదు.

చోటు నిర్ణయించుకున్నాక కూడా కాపలాదారులను దాటాలి. డైరెక్టరీ కట్టారు, మైఎస్‌క్యూఎల్ యూజర్‌కి అప్పజెప్పారు, అనుమతులు చూస్తే నిక్షేపంగా ఉన్నాయి. రీస్టార్ట్ చేస్తే ఎర్రర్ 13, అనుమతి లేదు అంటుంది. ఉబుంటు మీదైతే యాప్‌ఆర్మర్, రెడ్‌హ్యాట్ కుటుంబం మీదైతే ఎస్‌ఈలినక్స్ అడ్డుపడి ఉంటాయి. మైఎస్‌క్యూఎల్ ఏయే దారుల్లో తిరగవచ్చో వాటి దగ్గర వేరే చిట్టా ఉంటుంది, కొత్త దారి అందులో రాయించాలి. ఆ ఓపిక లేక ఎస్‌ఈలినక్స్‌నే ఆపేసి, డైరెక్టరీని అందరికీ బార్లా తెరిచి, 'పనిచేస్తోంది సార్' అని వెళ్ళిపోయేవాళ్ళు కోకొల్లలు. ఇంటర్‌నెట్‌కి ఎదురుగా కూర్చున్న యంత్రం మీద అది క్షమించరాని పని. సిస్టమ్‌డీలో ప్రైవేట్‌టెంప్ అనే అమరిక తెరిచి ఉంటే ఇంకో చిత్రం: డేటాబేస్ చూస్తున్న స్లాష్ టెంప్, మనం చూస్తున్న స్లాష్ టెంప్ ఒకటి కావు. దానికి విడిగా ఒక స్లాష్ టెంప్ కట్టి చూపిస్తుంది. అది మంచి ఏర్పాటు, ఉందని తెలిస్తే.

మా పత్రికకి ఇప్పుడు వేరే పార్టిషన్ ఉంది. పెద్దదేం కాదు. డేటా అందులో లేదు, లాగ్‌లు లేవు, పాఠకుల ఫొటోలు లేవు. అది నిండితే ఒక్క ప్రశ్న విఫలమవుతుంది, పక్కవాళ్ళెవరూ ఆగరు. తాత్కాలిక చోటు నిండకూడదని నేను కోరుకోవడం మానేశాను. నిండినప్పుడు ఎవరి కాలు ఎవరికీ అడ్డం పడకుండా ఉంటే చాలు. చోటు అపారంగా ఇచ్చి, హద్దు లేకుండా వదిలేయడం కన్నా, చిన్న హద్దు గీసి అది దాటినవాడిని లాగ్‌లో పట్టుకోవడమే మేలని నా తీర్పు.

సర్వర్ చూసే కుర్రవాళ్ళు ఇది చదువుతుంటే ఒక మాట. టెంప్‌డిర్ ఎక్కడుందో ఇవాళే డేటాబేస్‌ని అడగండి, ఆ చోటు దేని మీద ఉందో డీఎఫ్‌ని అడగండి. మార్చదలుచుకుంటే డైరెక్టరీ ముందు కట్టి, కాపలాదారుల చిట్టాలో రాయించి, ఆ తరవాతే మై డాట్ సీఎన్ఎఫ్ ముట్టుకోండి. నడుస్తుండగా మారే అమరిక కాదది, రీస్టార్ట్ తప్పదు. అందుకని పాఠకులు పడుకున్నాక చేయండి. మనకి అర్ధరాత్రి అంటే అమెరికాలో ఉన్న తెలుగు పాఠకులకి పగలని మాత్రం మరిచిపోకండి, సంపాదకులకి ముందు ఫోన్ చేసేది వాళ్ళే.